అనంతపురంలో కూర్చుని పాత రాక్ బ్యాండు చరిత్ర రాయడం: ఒక రేడియో మెకానిక్ పద్ధతి

మాది అనంతపురం పాతూరులో రేడియోలు, ఆంప్లిఫైయర్లు బాగుచేసే షాపు. వినాయక చవితికి, పెళ్లిళ్లకు మైక్‌సెట్లు కూడా అద్దెకిస్తాం. బొంబాయి రాక్ బ్యాండ్లతో నీకేం పని అని మా ఇంట్లోవాళ్లే అడుగుతారు. పని పెట్టింది మా మేనల్లుడు. వాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని, ఆదివారాలు గిటారు వాయిస్తాడు. "మామా, డెబ్భైల్లో మన దేశంలో కూడా సైకెడెలిక్ రాక్ వాయించినారంట. వాళ్ల కథ యాడ దొరుకుతాది?" అని ఒక రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టినాడు. వాడి వెనకాల వాడి స్నేహితులు, వాళ్ల వెనకాల ఆర్ట్స్ కాలేజీ పిల్లలు. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక నా పద్ధతి ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందుగా ఒక్క బ్యాండునే ఎంచుకోండి. "భారతదేశంలో రాక్ చరిత్ర" అని మొదలుపెట్టినవాళ్లు ఇరవై పేర్లు రాసి, ఒక్కో పేరుకు రెండు వాక్యాలు అతికించి వదిలేస్తారు. ఒక్క బ్యాండు వెంట పడితే ఆ ఊరు, ఆ క్లబ్బు, ఆ రికార్డు కంపెనీ, ఆ కాలం అన్నీ వాటంతట అవే దాని వెంట వస్తాయి. నేను ఇక్కడ ఉదాహరణకు తీసుకునేది బొంబాయి అటామిక్ ఫారెస్ట్. బేస్ గిటారు వాయించిన కీత్ కాంగా ఈ బ్యాండుకు మూలం. నందు భెండే కొంతకాలం ఇందులో పాడారు. వీళ్ల ఎల్పీ (ఎక్కువ పాటలు పట్టే పెద్ద ప్లేటు) పేరు 'అబ్సెషన్ 77'. ఆ కాలపు మన దేశపు సైకెడెలిక్ రికార్డుల్లో, అంటే గిటారు మోతను వంచి, చించి వాయించిన రాక్ రికార్డుల్లో, బయటి దేశాల సేకర్తలు ఎక్కువగా వెతికేది దీన్నే. 2011లో లాస్ ఏంజెలెస్‌కు చెందిన నౌ-ఎగైన్ రికార్డ్స్ దీన్ని మళ్లీ విడుదల చేసింది. మా మేనల్లుడు తెచ్చింది ఆ కొత్త ముద్రణే. అసలుది కొనే స్తోమత మా వంశంలో ఎవరికీ లేదు.

రెండో పని ఒక లాంగ్ నోట్‌బుక్కు కొనడం. రిపేరుకు వచ్చిన ప్రతి సెట్టుకీ మా షాపులో ఒక జాబ్ కార్డు రాస్తాం. ఒక గడిలో కస్టమర్ చెప్పింది, రెండో గడిలో నేను విప్పి చూసింది. "సౌండు రావట్లేదు, స్పీకరు పోయింది" అని కస్టమర్ అంటాడు. విప్పి చూస్తే స్పీకరు బాగానే ఉంటుంది, వాల్యూమ్ కంట్రోల్ అరిగిపోయి ఉంటుంది. అతను అబద్ధం చెప్పలేదు, తనకు వినపడింది చెప్పాడు. బ్యాండు చరిత్రకు కూడా పేజీని ఇట్లాగే నిలువుగా చీల్చండి. ఎడమ పక్క "చెప్పింది", కుడి పక్క "చూసింది". ఎవరైనా ఫోనులో చెప్పినా, ఎక్కడైనా చదివినా ఎడమ పక్క. రికార్డు మీద అచ్చయింది, పాత పేపర్లో తేదీతో ఉన్నది, మీ చెవికి స్పష్టంగా వినపడింది కుడి పక్క. చివరకు రాయడానికి కూర్చున్నప్పుడు ఈ గీతే మిమ్మల్ని కాపాడుతుంది. మిగతాదంతా ఈ రెండు గడులూ నింపే పనే.

ప్లేటు చదవడం

రికార్డును వినడానికి ముందు చదవాలి. అట్ట ముందు, అట్ట వెనక, లేబుల్, ఆ తర్వాత పాటలు అయిపోయిన చోట లేబుల్ చుట్టూ ఉండే నున్నటి జాగా. ఆ జాగాలో గీకినట్టుగానో గుద్దినట్టుగానో అక్షరాలు, అంకెలు ఉంటాయి. అది అచ్చు పోయడానికి వాడిన మూస నంబరు. సెల్‌ఫోన్ టార్చిని పక్కనుంచి, దాదాపు ప్లేటుకు సమాంతరంగా పడేట్టు పట్టుకుంటే చదవొచ్చు. పైనుంచి వేస్తే మెరుపు తప్ప ఏమీ కనపడదు. అట్టలు మారిపోతాయి, లేబుళ్లు చిరిగిపోతాయి. ఈ నంబరు మాత్రం ఆ ప్లేటును విడిచిపోదు. రెండు వైపులదీ రాసుకోండి.

లేబుల్ మీద కంపెనీ పేరు కూడా కాలాన్ని చెబుతుంది. పాలిడార్ ఆఫ్ ఇండియా అనే కంపెనీయే తర్వాత మ్యూజిక్ ఇండియా అయింది. ఆ తర్వాత పాలీగ్రామ్, ఇప్పుడు యూనివర్సల్. అటుపక్క హెచ్‌ఎంవీ లేబుల్‌తో రికార్డులు తీసిన గ్రామఫోన్ కంపెనీ, కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో ఫ్యాక్టరీ ఉన్నది, ఇప్పటి సారెగమ. ఈ వంశవృక్షం తెలిస్తే ప్లేటు ఏ కాలానిదో ఒక అంచనా వస్తుంది. రేపు అనుమతి అడగాల్సి వస్తే ఎవరి గుమ్మం తొక్కాలో కూడా తెలుస్తుంది.

సంవత్సరం దగ్గర మాత్రం తొందరపడొద్దు. 'అబ్సెషన్ 77' పేరులో 77 ఉంది. మ్యూజిక్ ఇండియా దాన్ని అమ్మకానికి పెట్టింది 1981లో. పేరు చూసి "1977లో విడుదలైంది" అని రాసేసినవాళ్లు చాలామంది ఉన్నారు. పేరులోని సంవత్సరం, రికార్డింగ్ చేసిన సంవత్సరం, విడుదలైన సంవత్సరం, ఈ మూడూ వేర్వేరు గడులు. ఏ ఒక్కటి తెలిసినా మిగతా రెండూ తెలిసినట్టు కాదు. నాలుగేళ్ల తేడా చిన్నదేమీ కాదు. 1977కీ 1981కీ మధ్య డిస్కో గాలి దేశమంతా వీచింది. ఒకే పాటను 77లో విన్నవాడికీ 81లో కొన్నవాడికీ అది ఒకే పాటలా వినపడి ఉండదు.

వినే ముందు ప్లేయరు సంగతి

ఇది నా సొంత ఇలాకా కాబట్టి కాసేపు ఆగుతా.

దుమ్ము పట్టిన ప్లేటును పంచె కొంగుతో తుడవకండి. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దిక్కులోనే తుడవాలి, అడ్డంగా కాదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. లేబుల్ తడవకూడదు. కుళాయి నీళ్లు అసలొద్దు. మా ఊరి నీళ్లు ఆరితే గాడిలో తెల్లటి ఉప్పు మిగులుతుంది, అది జీవితాంతం టిక్కుటిక్కుమంటుంది. పాత 78 ప్లేట్లు, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేట్లు, చేతికొస్తే వాటికి స్పిరిట్ తగిలించొద్దు, లక్క కరిగిపోతుంది. 78 అనగానే మన ముందుతరం పాటలే అనుకోకండి. మన దేశంలో బీటిల్స్ పాటలు కూడా 78 ప్లేట్లుగా వచ్చాయి. కరెంటు లేని ఇళ్లలో కీ తిప్పే గ్రామఫోన్లు ఇంకా ఆడుతున్న రోజులవి.

సూట్‌కేసులా మడిచే పాత ప్లేయర్ల ముల్లు బరువుగా ఆనుతుంది. సరదాగా వినడానికి సరే గానీ, అపురూపమైన ప్లేటును వాటి మీద పెట్టొద్దు. మాగ్నెటిక్ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకుని ఉండే చిన్న డబ్బా) ఉన్న టర్న్‌టేబుల్ అయితే ముల్లు బరువు సాధారణంగా రెండు గ్రాముల దగ్గర పెట్టుకోవాలి. కార్ట్రిడ్జ్ కాగితం మీద ఎంత రాసుంటే అంత.

ఇప్పుడు స్పీడు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, చరిత్ర రాసేవాడు మాత్రం పట్టించుకోవాలి. పాత ప్లేయర్లో బెల్టు సాగినా, మోటారు పుల్లీ అరిగినా పాట శ్రుతి మారిపోతుంది. స్పీడు ఆరు శాతం పెరిగితే పాట అరస్వరం పైకి పోతుంది. మీరేమో "ఈ పాట ఫలానా శ్రుతిలో ఉంది, గిటారు ఇలా ట్యూన్ చేశారు, గాయకుడి గొంతు ఇంత పైకి పోతుంది" అని రాసేస్తారు. తప్పంతా బెల్టుది.

స్పీడు చూడటానికి మీటరు అక్కర్లేదు. గుండ్రటి కాగితం మీద చుట్టూ 180 నల్ల గీతలు సమానంగా వచ్చేట్టు ప్రింటు తీయించుకోండి. దాన్ని ప్లేటు మీద పెట్టి తిప్పుతూ, స్విచ్ బోర్డులో ఎర్రగా వెలిగే పాతరకం నియాన్ ఇండికేటర్ వెలుతురులో చూడండి. మన కరెంటు 50 సైకిల్స్, కాబట్టి ఆ దీపం సెకనుకు వందసార్లు, నిమిషానికి ఆరువేల సార్లు వెలిగి ఆరుతుంది. ఎల్పీ నిమిషానికి తిరగాల్సింది ముప్పైమూడూ ఒకటి బై మూడు చుట్లు. ఆరువేలను ముప్పైమూడుం పావలాతో కాదు, ముప్పైమూడూ ఒకటి బై మూడుతో భాగిస్తే సరిగ్గా 180 వస్తుంది. స్పీడు సరిగ్గా ఉంటే గీతలు నిలబడిపోయినట్టు కనపడతాయి. తిరిగే దిక్కులోనే మెల్లగా ముందుకు పాకితే స్పీడు ఎక్కువ, వెనక్కి పాకితే తక్కువ. గదిలో మిగతా లైట్లు ఆర్పేయండి. ఈ కాలపు ఎల్‌ఈడీ బల్బు కింద చాలాసార్లు ఈ ఆట సాగదు, దాంట్లో డ్రైవర్ సర్క్యూట్ వెలుగును చదును చేసేస్తుంది.

ఆ తర్వాత ఫోనో ప్రీఆంప్ (ముల్లు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను పెంచే పెట్టె) గుండా కంప్యూటర్లోకి రికార్డు చేసుకోవాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. ఒక కాపీ ఏ శుభ్రతా చేయకుండా, గీరలు పడ్డ శబ్దంతో సహా వేవ్ ఫైలుగా దాచండి. గరగరలు తీసేసిన కాపీ వినడానికి వేరే ఉంచుకోండి. నాయిస్ తీసే ఫిల్టరు పనిలో పనిగా డ్రమ్ముల పక్కనుండే ఇత్తడి సింబల్ మోతనూ, ఫజ్ గిటారు (కావాలని చీల్చిన గిటారు మోత) అంచునూ మింగేస్తుంది. మనం వినాల్సింది సరిగ్గా దాన్నే.

చెవితో తేదీ వేయడం

సైకెడెలిక్ అంటే పూల చొక్కాలు, మత్తు అని సినిమాల్లో చూపిస్తారు. నాకు అది ముఖ్యంగా సర్క్యూట్ల కథ. శబ్దాన్ని వంచే, చించే, ఊపే పెట్టెలు మార్కెట్లోకి ఒకదాని తర్వాత ఒకటి ఎప్పుడు వచ్చాయో లెక్క ఉంది. అమెరికాలో మాస్ట్రో ఫజ్ పెట్టె 1962లో వచ్చింది. లండన్‌లో ఆర్బిటర్ వాళ్ల ఫజ్ ఫేస్ 1966లో. గిటారును "వావ్ వావ్" అనిపించే కాలి పెడలు ఆ మరుసటి ఏడాది అమ్మకానికి వచ్చింది. శబ్దం సుడి తిరిగినట్టు వినిపించే ఫేజర్లలో అందరికీ తెలిసిన ఎంఎక్స్‌ఆర్ ఫేజ్ 90 డెబ్భైల నడుమ వచ్చింది. మినీమూగ్ సింథసైజర్ 1970లో.

కాబట్టి ఒక పాటలో ఫేజ్ 90 సుడి వినపడితే ఆ రికార్డింగ్ అరవైలది కాదు. ఇంతే. చెవి చెప్పేది "దీనికంటే ముందు కాదు" అని మాత్రమే. "సరిగ్గా అప్పుడే" అని చెవి ఎప్పుడూ చెప్పదు. పైగా ఆ రోజుల్లో మన దేశంలోకి విదేశీ సామాను రావడం చాలా కష్టం. దిగుమతి సుంకం ఆకాశంలో ఉండేది, విదేశీ మారకం చేతికొచ్చేది కాదు. విదేశాల నుంచి ఎవరైనా తెచ్చిస్తే వాయించాలి, లేదంటే లోకల్ మెకానిక్ కట్టివ్వాలి. లండన్‌లో 66లో వచ్చిన పెట్టె బొంబాయి స్టేజి ఎక్కడానికి ఇంకొన్నేళ్లు పట్టిందనుకోవడమే న్యాయం.

లోకల్ మెకానిక్ కట్టిన ఫజ్ అంటే ఏమిటో చూపిస్తా. మీ ఇంట్లో అటక మీద పాత పాకెట్ ట్రాన్సిస్టర్ ఉంటే వెనక మూత తీయండి. స్పీకరు పక్కన చిన్న డబ్బాల్లా, మూడు కాళ్లతో ఉండేవి జర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటి మీద ఏసీ128 అనో ఏసీ188 అనో రాసుంటుంది. మన బెంగళూరు బీఈఎల్ వాళ్లు తయారుచేసిన రకాలే ఇవి. మా షాపులో వీటిని డబ్బాలకొద్దీ మార్చాం. ఫజ్ ఫేస్ పెడల్లో వాడిన రకాల్లో ఏసీ128 కూడా ఒకటి. అంటే లండన్ గిటారు మోతలో ఉన్న సరుకు మన రేడియోల్లోనూ ఉంది. రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు రెసిస్టర్లు, కండెన్సర్లు, ఒక తొమ్మిది వోల్టుల బ్యాటరీ, అంతే ఆ సర్క్యూట్. రేడియో మెకానిక్‌కు సర్క్యూట్ బొమ్మ చేతికిస్తే సాయంత్రానికి కట్టిస్తాడు.

ఈ జర్మేనియంకు ఒక జబ్బుంది. వేడెక్కితే లీకేజి పెరిగి బయాస్, అంటే ట్రాన్సిస్టరుకు నిలకడగా అందాల్సిన చిన్న కరెంటు, జారుతుంది. మా ఊరి ఏప్రిల్ ఎండలో రేకుల షెడ్డు కింద పెట్టి చూడండి, నిండుగా మోగే ఫజ్ కాస్తా గొంతు పట్టేసినట్టు తెగితెగి వస్తుంది. అందుకే ఒకే బ్యాండు రెండు లైవ్ టేపుల్లో గిటారు రెండు రకాలుగా వినపడితే, గిటారిస్టు మారాడనో పెడలు మారిందనో వెంటనే రాయకండి. ఒకటి డిసెంబరుది, ఇంకోటి మే నెలదీ కావచ్చు.

పేర్ల చిక్కు

నెట్‌లో వెతకడం మొదలుపెట్టగానే మొదటి దెబ్బ ఇక్కడే. ఆ రోజుల్లో మన బ్యాండ్లు పెట్టుకున్న పేర్లు చాలావరకు అప్పటికే ఇంకెక్కడో ఉన్నవి. షిల్లాంగ్‌లో ఫెంటోన్స్ అని మంచి బ్యాండు ఉంది. ఇంగ్లండులో షేన్ ఫెంటన్ అనే గాయకుడి వెనక వాయించినవాళ్లూ ఫెంటోన్సే. మన దగ్గర వెల్వెట్ ఫాగ్ అని ఒక బ్యాండు ఉంటే, బర్మింగ్‌హామ్‌లో ఒకటి రెండు అక్షరాల తేడాతో అదే పేరుతో 1969లో ఎల్పీ తెచ్చిన బ్యాండు ఉంది. సావేజెస్ అయితే లెక్కే లేదు. ఫొటోలు, పాటలు ఒకదానివి ఇంకోదానికి అంటుకుని తిరుగుతుంటాయి. ఊరి పేరు లేకుండా వెతకొద్దు.

మనుషుల పేర్లూ అంతే. బెంగళూరు బ్యాండు హ్యూమన్ బాండేజ్‌లో డ్రమ్ములు వాయించిన రమేశ్ షోథం ఇంటిపేరును ఇంగ్లీషులో కనీసం రెండు రకాలుగా రాస్తారు, రెండింటితోనూ వెతకాలి. ఆయన తర్వాత తవిల్ నేర్చుకుని జర్మనీలో స్థిరపడ్డారు. అదే బ్యాండులో పాడిన రాధా థామస్ జాజ్ గాయనిగా పేరు తెచ్చుకున్నారు. ఒక మనిషి రాక్ వదిలి వేరే సంగీతంలోకి పోయాక ఇచ్చిన ఇంటర్వ్యూల్లో పాత బ్యాండు ముచ్చట ఒక పేరా అయినా ఉంటుంది. ఆ పేరా కోసం తవిల్ గురించి పది పేజీలు చదవాల్సిందే. చదవండి, నష్టం లేదు.

కాగితాలు

అరవైలు, డెబ్భైల బ్యాండ్ల వార్తలకు మొదటి గని 'జూనియర్ స్టేట్స్‌మన్', తర్వాత 'జేఎస్' అయింది. కలకత్తా స్టేట్స్‌మన్ వాళ్ల కుర్రకారు పత్రిక, 1967 నుంచి 1977 దాకా వచ్చింది, డెస్మండ్ డాయిగ్ సంపాదకుడు. తర్వాతి తరానికి అలహాబాద్ నుంచి 1993లో అమిత్ సైగల్ మొదలుపెట్టిన 'రాక్ స్ట్రీట్ జర్నల్' ఉంది. ఇవి మా జిల్లా గ్రంథాలయంలో దొరకవు. చెన్నై ఎగ్మోరులోని కన్నెమరా లైబ్రరీకి పొండి. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే పుస్తకాల కాపీలు చేరాల్సిన నాలుగు లైబ్రరీల్లో అదొకటి, రెండేళ్ల తర్వాత ఆ చట్టంలోకి పత్రికలనూ చేర్చారు. పోయేముందు ఏ నెలలు కావాలో రాసుకుని పోతే పని తొందరగా తెములుతుంది. బెంగళూరు మనకు బస్సులో నాలుగైదు గంటలే కాబట్టి చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల షాపులు, చిక్‌పేట దగ్గర ఆదివారం సంత కూడా చూడండి. నేను ఎస్పీ రోడ్డుకు సామాన్ల కోసం పోయినప్పుడల్లా అటు ఒక చూపు వేసి వస్తా.

పోటీల కాగితాలను వదలొద్దు. సిమ్లా సిగరెట్ల కంపెనీ నడిపిన అఖిల భారత సిమ్లా బీట్ కాంటెస్టు వల్లనే అప్పటి చాలా బ్యాండ్లు రికార్డుకెక్కాయి. 'సిమ్లా బీట్ 70', 'సిమ్లా బీట్ 71' అని రెండు ఎల్పీలు వచ్చాయి. మద్రాసు కన్ఫ్యూజన్స్, బెంగళూరు డైనోసార్స్, కలకత్తా గ్రేట్ బేర్ లాంటి పేర్లు ఈ రోజు మనకు తెలిశాయంటే అందుకే. సినిమా పాటలు తప్ప అమ్ముడుపోవనుకునే కంపెనీలు వీళ్లను స్టూడియోకు పిలిచేవి కావు. సిగరెట్ డబ్బు పిలిచింది. ఇది ఇష్టమున్నా లేకపోయినా రాయాల్సిన సంగతి.

ఇంకో దారి నాటకాలు. క్లబ్బులో రాత్రి వాయించిన బ్యాండుకు మర్నాడు పేపర్లో ఒక్క లైను కూడా రాదు. నాటకానికి మాత్రం సమీక్ష వస్తుంది, కరపత్రం అచ్చేస్తారు, దాంట్లో అందరి పేర్లూ ఉంటాయి. అటామిక్ ఫారెస్ట్‌లో పాడిన నందు భెండే డెబ్భైల నడుమ అలీక్ పదమ్సీ బొంబాయిలో ఆడించిన 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్'లో జూడాస్ పాత్ర వేశారు. బ్యాండు గురించి ఏమీ దొరకని నెలల్లో ఆ నాటకం ఎక్కడెక్కడ ఆడిందో చూస్తే, ఆ గాయకుడు ఏ రోజు ఏ ఊళ్లో ఉన్నాడో కుడి పక్క గడిలో రాసుకోవచ్చు. ఆయన 2014లో పోయారు. అదే ఏడాది సిద్ధార్థ్ భాటియా ఈ తరం బ్యాండ్ల మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. ముందు దాన్ని చదివి, ఆయన అడగని ప్రశ్నల జాబితా రాసుకోండి.

మనుషులను అడగడం

వాయించినవాళ్లు ఇప్పుడు డెబ్భై దాటినవాళ్లు. ఫోను చేసి "మీ బ్యాండు ఏ సంవత్సరంలో మొదలైంది సార్?" అంటే చటుక్కున ఒక అంకె చెబుతారు. ఇంకోసారి అడిగితే ఇంకో అంకె. సంవత్సరాలు అడగొద్దు, సామాను అడగండి.

గుంతకల్లులో ఒక పెద్దాయన ఉన్నారు. రైల్వే వాళ్ల అబ్బాయి, కుర్రతనంలో ఆంగ్లో ఇండియన్ స్నేహితులతో కలిసి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సులకు గిటారు వాయించేవారు. ఆంప్లిఫైయర్ బాగు చేయించుకోవడానికి షాపుకొచ్చినప్పుడు మాటల్లో పెట్టా.

"అదంతా ఏ సంవత్సరం అన్నా?"

"ఏమప్పా, ఎవురికి గుర్తుంటాది."

"గిటారు దేనికి తగిలించేవాళ్లు?"

ఆయన కుర్చీలో ముందుకు జరిగారు. "మర్ఫీ రేడియోకి. ఎనక గ్రామ్ అని రెండు తూట్లు ఉంటాయి సూడు, దాంట్లోకి. ఫుల్లు పెడితే బొయ్యిమని చీలేది. అదే బాగుండేది మాకు! సౌండు సాలకపోతే ఇన్‌స్టిట్యూట్ ప్రొజెక్టరు ఆంప్లిఫైయర్ తెచ్చుకునేవాళ్లం. స్ట్రైకు అయినాక అది కూడా ఈలేదు."

"ఏ స్ట్రైకు?"

"రైలు స్ట్రైకు. మా నాయనను అప్పుడే సస్పెండ్ చేసిరి."

అది 1974 మే నెల రైల్వే సమ్మె. "జై ఆంధ్రా గొడవలప్పుడు వాయించేవాళ్లా?" అని అడిగితే, ఆ గొడవలకు రైళ్లు ఆగినప్పుడు తన చేతికి ఇంకా గిటారే రాలేదన్నారు. ఆ ఉద్యమం 1972-73లో. అంటే ప్రొజెక్టరు ఆంప్లిఫైయర్ కథ 73కూ 74 మేకూ నడుమ. ఆయన ఒక్క సంవత్సరం కూడా చెప్పలేదు, తేదీ మాత్రం వచ్చింది. ఇంకోటి గమనించారా, రేడియోను ఫుల్లు పెడితే చీలే శబ్దం "అదే బాగుండేది" అన్నారు. ఫజ్ పెడల్ పేరు కూడా వినని ఊళ్లో ఫజ్ మోగిందన్నమాట. ఈ ముక్క ఎవరి పుస్తకంలోనూ దొరకదు.

బొంబాయి వాళ్లతో మాట్లాడేటప్పుడు ఇలాంటి గుంజలు వేరే ఉంటాయి. లోనావ్లా దగ్గర మళవలిలో 1971లో జరిగిన స్నేహయాత్ర అనే రాక్ సంగీతోత్సవం ఒకటి. 1972 అక్టోబరులో ఇంగ్లండు రాక్ బ్యాండు లెడ్ జెపెలిన్ వాళ్లు జిమ్మీ పేజ్, రాబర్ట్ ప్లాంట్ కొలాబాలోని స్లిప్ డిస్క్ క్లబ్బుకు వచ్చి వాయించిన రాత్రి ఇంకొకటి. "ఆ రాత్రికి ముందా, తర్వాతా?" అని అడగండి. "ఆ రాత్రి మీరు అక్కడ ఉన్నారా?" అని మాత్రం అడగకండి. ఉన్నామని చెప్పినవాళ్లందరినీ కలిపితే ఆ క్లబ్బు మా ఆర్ట్స్ కాలేజీ గ్రౌండంత ఉండాలి.

ఇంకో మాట. గాయకుడిని, గిటారిస్టును అందరూ అడిగేసి ఉంటారు. వీలైతే సామాను మోసినవాడిని, మైక్‌సెట్టు ఇచ్చినవాడిని వెతకండి. ఎంత డబ్బు ఇచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో, ఏ పాటకు జనం లేచారో మాకు గుర్తుంటుంది. స్టేజి మీద ఉన్నవాళ్లకు లైట్లే కనపడతాయి.

రాయడం

ఇప్పుడు నోట్‌బుక్కు తెరిచి కుడి పక్క గడి మాత్రమే వాడి ఒక వరస రాయండి. పలచగా వస్తుంది, ఫరవాలేదు. తర్వాత ఎడమ పక్క మాటల్లోంచి, కుడి పక్కదానితో ఢీకొట్టని వాటినే తీసుకుని, ఎవరు చెప్పారో కలిపి రాయండి. ఢీకొట్టేవి రెండూ రాయండి, తీర్పు చెప్పకండి. "దేశంలోనే మొట్టమొదటి", "ఇండియాకు వుడ్‌స్టాక్" (అమెరికాలో జరిగిన పేరుమోసిన రాక్ సంగీతోత్సవం) లాంటి మాటలు కనపడిన చోటల్లా కొట్టేయండి. ఇంకొకరి పాటలు వాయించారని చిన్నచూపు చూడటం కూడా నాకు నచ్చదు. హోటల్లో, క్లబ్బులో జనం అడిగింది వాయిస్తేనే ఆ నెల అద్దె వచ్చేది. ఒకరి పాటను తమ చేతిలోని సామానుతో ఎలా మార్చుకున్నారో చెప్పగలిగితే సగం చరిత్ర అక్కడే ఉంటుంది.

పాటలు నెట్‌లో పెట్టే తొందర వద్దు. మన కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగుకు రక్షణ, విడుదలైన మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్లు. 1970 ప్లేటుకు 2030 చివరి దాకా, 1981 ప్లేటుకు 2041 చివరి దాకా. మీ పరిశోధనకు కాపీ చేసుకుని వినడం వేరు, అందరికీ పంచడం వేరు. లేబుల్ ఫొటో, మూస నంబరు, మీరు రాసిన వివరం పెడితే చాలు, కావాల్సినవాళ్లు కొనుక్కుని వింటారు.

ఫైళ్లను మూడు చోట్ల దాచండి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. మాట్లాడిన పెద్దవాళ్లకు వాళ్ల మాటల రికార్డింగ్ ఒక పెన్‌డ్రైవులో ఇవ్వండి, వాళ్ల పిల్లలకు అది కావాలి. ఫైలు పేరులో బ్యాండు, ఊరు, ఎవరి దగ్గరినుంచి వచ్చింది, ఏ తేదీన కాపీ చేశారు, ఈ నాలుగూ ఉంటే సరిపోతుంది. పాట సంవత్సరం కూడా వేయదలిస్తే, అది రుజువు కాకపోతే ఆ చోట రెండు సున్నాలు పెట్టి వదిలేయండి. ఊహించి అంకె వేస్తే పదేళ్ల తర్వాత మీరే దాన్ని నిజమనుకుంటారు.